ఘాలాలో మేం కట్టిన ఇటలీ ఊరు

మా అన్న ఖురియాత్‌లో ఉండేవాడు, నేను ఘాలాలో ఉండేవాణ్ణి. మధ్యలో కొండలూ, వాన పడితే తప్ప నీళ్లు పారని వాదీలూ, గుంతల దారీ. పొద్దున్నే బండెక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు చేరుకోవచ్చు. అయినా ఒమాన్‌కు వచ్చి ఏడాది దాటినా నేను అన్న మొహం చూడలేదు. ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇప్పటికీ నాకు విసుగ్గానే ఉంటుంది. ఇటలీలో ఎక్కడో ఉన్న ఒక చిన్న ఊరు నాకు అడ్డం పడింది.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. మస్కట్ శివార్లలో ఉన్న ఘాలా అప్పటికి ఒట్టి గులకరాళ్ల మైదానం. మా కంపెనీ అక్కడ రేకుల క్యాంపు వేసి, ఘుబ్రాలో ఇళ్ల బ్లాకులు కడుతూ ఉండేది. పొద్దున కంపెనీ బస్సులో సైటుకు పోవడం, సాయంత్రం దుమ్ము కొట్టుకుపోయి తిరిగి రావడం. నేను మేస్త్రీని. మా రూములో కరీంనగర్ జిల్లావాళ్లం ఆరుగురం. మాలో పెద్దాయన మా పక్క ఊరి మేస్త్రీ. ఆయనను అందరం కాకా అనేవాళ్లం. నాకు పని సరిగ్గా నేర్పింది ఆయనే.

మా సైట్ సూపర్‌వైజర్ ఇటలీ ఆయన. వాళ్ల భాషలో పెద్దమనిషిని సిన్యోర్ అంటారట. మావాళ్ల నోట్లో అది సిన్నోరు అయింది. మనిషి మాత్రం చిన్నవాడు కాదు. తలుపులోంచి రావాలంటే తల వంచాల్సిందే. సైటులో పనికొచ్చేంత హిందీ నేర్చుకున్నాడు. అంతకుమించి ఏమైనా చెప్పాల్సి వస్తే డ్రైవర్ భాయ్‌ని పిలిచేవాడు. భాయ్‌ది కడప. అంతకుముందు అబూధాబీలో ఇటలీవాళ్ల దగ్గరే బండి నడిపి, వాళ్ల భాష బాగానే పట్టుకున్నాడు.

శుక్రవారం మాకు సెలవు. వారమంతా ఆ ఒక్క రోజు కోసమే ఎదురు చూసేవాళ్లం. బట్టలు ఉతుక్కోవాలి, తలంటుకోవాలి, ఇంటికి ఉత్తరం రాయాలి, మాంసం దొరికితే వండుకోవాలి. ఖురియాత్‌లో ఒక చిన్న పనికి సిమెంటు తీసుకుని కంపెనీ పికప్ శుక్రవారాలే పోయేది. వెనకాల ఒక మనిషి కూచోవడానికి చోటుండేది. ఏడాది కావస్తుండగా ధైర్యం చేసి ఆ చోటు నాకిమ్మని సిన్నోరును అడిగాను, ఒప్పుకున్నాడు. అన్న అక్కడ ఒక ఒమానీ ఆసామి ఖర్జూర తోటలో పనిచేస్తున్నాడు. నేను వస్తున్నానని, ఖురియాత్ నుంచి మా వైపు చేపలు తెచ్చే బండివాడితో కబురు పంపాను.

ఆ శుక్రవారం నేను సంచి సర్దుకుని పికప్ దగ్గర నిలబడితే సిన్నోరు వచ్చాడు. రోజూ వేసే ప్యాంటు కాదు, నిక్కరు. చేతిలో పార. నన్నూ కాకానూ వేలితో చూపించి మెస్సు వెనక్కి రమ్మన్నాడు. నీళ్ల ట్యాంకు కోసం తవ్విన మట్టి అక్కడ దిబ్బగా పోసి ఉంది. దాని చుట్టూ తిరుగుతూ ఆయన ఏదేదో చెప్పాడు. భాయ్ తల గోక్కున్నాడు.

“ఈయప్పకు ఈ దిబ్బను చూస్తే వాళ్ల ఊరి కొండ గుర్తుకొచ్చినాదంట. దీని మింద వాళ్ల ఊరు కట్టాలంటాండాడు.”

“ఊరు కట్టుడేంది?” అన్నాను.

“చిన్నది లేప్పా. మోకాలెత్తు. పిల్లోళ్లు బొమ్మరిల్లు కడతారు సూడు, అట్ల.”

“నేను ఖురియాత్ పోవాలె గద. మా అన్నకు చెప్పి పంపిన.”

భాయ్ ఆ మాట చెప్పాడు. సిన్నోరు నా భుజం మీద చేయి వేసి నవ్వాడు. “అగ్లా జుమ్మా. పక్కా,” అన్నాడు. వచ్చే శుక్రవారం, ఖాయం. పికప్ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. నేను సంచి రూములో పడేసి తాపీ పట్టుకుని వచ్చాను. కాదనే ధైర్యం లేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, పని సిన్నోరు చేతిలో ఉంది.

ఆ రోజు దిబ్బను చెక్కడంతోనే సరిపోయింది. వాళ్ల ఊరు కొండ కొన మీద ఉంటుందట. పొడుగ్గా, సన్నగా, పడుకున్న ఎద్దు వెన్నులా. రెండు పక్కలా రెండు వాగులు పారి, ఎద్దు మూతి దగ్గర కలిసి ఒక నది అవుతాయి. తల దగ్గర చర్చీ, దాని పక్కన ఎత్తుగా గంటల గోపురం. తోక దగ్గర కోట గుమ్మం. ఈ చివర నుంచి ఆ చివరకు వెన్ను మీదుగా ఒకటే పెద్ద వీధి. దానికి అటూ ఇటూ చేప ముల్లులా మెట్ల సందులు కిందికి దిగుతాయి. పైనున్నది పై వాడ. వాలు మీద బంకమట్టి నేలలో ఉన్నది కింది వాడ. సిన్నోరు కట్టెపుల్లతో నేల మీద గీస్తూ ఇదంతా చెప్తుంటే నేను పికప్ ఎంత దూరం పోయి ఉంటుందా అని లెక్క వేసుకుంటున్నాను.

తర్వాతి శుక్రవారం చర్చీ కట్టాం. ఆ తర్వాతి శుక్రవారం చర్చీ పడగొట్టాం. అది వాగు వైపుకు తిరిగి ఉండాలట, మేం దాన్ని కొండ వైపుకు తిప్పామట. మొదట చెప్పింది ఆయనే. “మీరే ఇటు అన్నారు కదా” అని నేను చెయ్యి చూపిస్తే, “నై, నై” అంటూ తల పట్టుకుని కూచున్నాడు. కళ్లు మూసుకుని గాలిలో చెయ్యి ఇటూ అటూ తిప్పి, ఆఖరుకు వాగు వైపే అన్నాడు. వాదీ నుంచి కొత్త రాళ్లు ఏరుకు రావడానికి మళ్లీ నన్నే పంపాడు.

ప్రతి శుక్రవారమూ నేను సంచి సర్దుకోవడం, ఆయన “అగ్లా జుమ్మా” అనడం. నాకు ఒళ్లు మండేది. కాకాకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. ఆయన ఒక్కడూ తీరిగ్గా కూచుని, ఎర్ర రంగు కలిపిన సిమెంటుతో వేలి గోరంత పెంకులు చేసి కప్పుల మీద పేర్చేవాడు.

“ఏం ఓపికనే కాకా నీది,” అన్నాను ఒకసారి.

“రూముల కూసుంటె ఇల్లు యాదికత్తది బిడ్డా. గీడ చేతికి పనుంటది.”

“మా అన్న గాడ ఎదురు జూస్తుండు.”

“జూస్తడు మరి. అన్నగాదా.”

ఆ మాటతో నాకు ఇంకా కోపం వచ్చింది.

పని మధ్యలో సిన్నోరు వాళ్ల ఊరి చరిత్ర చెప్పేవాడు. వినడం కూడా మా డ్యూటీయే. ఆ ఊరు పంట వల్ల కాదు, గొర్రెల వల్ల పుట్టిందట. చలి మొదలవగానే కొండల మీది గొల్లలు మందల్ని తోలుకుని సముద్రం పక్కనున్న మైదానానికి దిగేవాళ్లు. ఎండలు ముదిరేలోగా మళ్లీ పైకి పోయేవాళ్లు. ఆ గొర్రెల బాట కోట గుమ్మం కిందుగా పోయేది. ఊరి దొర గుమ్మం దగ్గర సుంకం వసూలు చేసేవాడు. ఊళ్లోవాళ్లు గొల్లలకు ఉప్పు అమ్మేవాళ్లు, మెడ గంటలు పోతపోసి ఇచ్చేవాళ్లు, బదులుగా ఉన్నీ, జున్నూ తీసుకునేవాళ్లు. ఉన్నిని కింది వాడలో ఊటల దగ్గర కడిగేవాళ్లు. దొరా, చర్చీ పెద్దా సుంకం ఎవరిదని తరాల పాటు తగువులాడుకున్నారట. ఇంతలో రైలొచ్చింది. కింద నది పక్కన పట్టాలు పడ్డాయి, గొర్రెలు రైలెక్కి పోవడం మొదలుపెట్టాయి. బాట మీద గడ్డి మొలిచింది. గంటలు పోతపోసేవాళ్లకు పని లేదు. ఊళ్లో మగవాళ్లు ఒక్కొక్కరే ఓడలెక్కి దూరదేశాల గనుల్లో పనికి పోయారు.

భాయ్ ఇదంతా తిప్పి చెప్తుంటే కాకా ఎర్ర పెంకు చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

“అంటె వాళ్లు గూడ మన తీర్గనే పోయిన్రా?”

“పోయినారంట. ఊరంతా ఆడోళ్లూ ముసిలోళ్లే మిగిలినారంట.”

కాకా సిన్నోరు వంక చూసి మళ్లీ పెంకులు పేర్చుకున్నాడు. ఆ కథ నాకూ బాగానే తగిలింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ మరుక్షణమే అనిపించింది. ఇంటికి దూరమైన బాధ ఇంత తెలిసినవాడికి, నాకు అన్నను చూడాలని ఉంటుందని ఎందుకు తెలియదు?

ఇంతలో అన్న దగ్గర నుంచి చేపల బండివాడు కబురు తెచ్చాడు. వాడు మలయాళీ. హిందీలో నాలుగు ముక్కలు చెప్పాడు. అన్న రెండు శుక్రవారాలు కోడిని కోసి వండి పెట్టాడట, నేను పోలేదు. ఇక వండనన్నాడట.

ఆ ఊళ్లో నాకు మింగుడుపడనిది ఒకటి ఉండేది. పై వాడ మధ్యలో వాన నీళ్లు పట్టుకునే బావి. దాన్ని ఎంత పెద్దగా కట్టినా సిన్నోరుకు చాలేది కాదు. “ఔర్ బడా, ఔర్ బడా” అనేవాడు. చివరికి బావి చర్చీ కంటే పెద్దదైంది. పక్కనున్న ఇళ్లు దాని ముందు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. నేను మేస్త్రీని. కొలతలు కుదరని పని చేయాలంటే నాకు చేతులు రావు.

“ఇంత బావి ఏ ఊళ్లె ఉంటదే?” అని కాకాతో విసుక్కున్నాను.

ఆ విషయం తేల్చింది ఒక ఎలక్ట్రీషియన్. ఆయనా ఇటలీవాడే. వేరే క్యాంపు నుంచి మా జనరేటర్ బాగు చేయడానికి వచ్చాడు. జుట్టు తెల్లబడిన మనిషి. చేతులు తుడుచుకుంటూ మెస్సు వెనక్కి వచ్చి, మేం కట్టినదాన్ని చూసి ఆగిపోయాడు. చుట్టూ రెండు సార్లు తిరిగాడు. ఏదో అడిగాడు. సిన్నోరు జవాబు చెప్పాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని బుగ్గలు ఆనించుకున్నారు. ఇద్దరిదీ ఒకే ఊరట.

నాకు ప్రాణం లేచివచ్చింది. ఇక ఈ ఊరు పూర్తయిందనే అనుకున్నాను. కాఫీ తాగేంతసేపు కూడా ఆ సంబరం నిలవలేదు. ఎలక్ట్రీషియన్ బావిని చూపించి నవ్వాడు. రెండు చేతులతో ఇంతే ఉండేదని చూపించాడు. సిన్నోరు మొహం ఎర్రబడింది. గొంతులు లేచాయి.

“ఏమంటున్నరే భాయ్?”

“బావి అంత లేదంట. ఈయప్ప ఊరు విడిచినప్పుడు పసిపిల్లోడంట. పిల్లోడి కంటికి అన్నీ పెద్దగానే కనపడతాయి గదా అంటాండాడు.”

“ఎందుకు విడిచిండట?”

భాయ్ కాసేపు విని చెప్పాడు. ఒక ఏడు చలికాలంలో వానలు విడవకుండా కొట్టాయట. బంకమట్టి వాలు కదిలింది. కింది వాడ ఇళ్లు ఇళ్లుగా వాగులోకి జారిపోయింది. పై వాడలో గోడలు పగిలాయి. ఆ తర్వాత సర్కారు రైలు స్టేషన్ పక్కన చదునైన నేలలో వరుసలుగా ఇళ్లు కట్టించి అందర్నీ అక్కడికి తరలించింది. కొండ మీద ఇప్పుడు ఎవరూ లేరు. గోపురం కూడా సగమే ఉందట.

అంటే మేం ఇన్ని వారాలుగా కట్టింది లేని ఊరు. నేను తాపీ కింద పెట్టి కూచున్నాను.

తగువు అక్కడితో ఆగలేదు. సిన్నోరు వాళ్లది పై వాడ, ఎలక్ట్రీషియన్‌వాళ్లది కింది వాడ. “మా వాడను మేకల దొడ్డిలా రెండు వరుసలు పెట్టి వదిలేశావేం?” అని ఆయన. నీళ్లెండిపోయిన ఏడు పై వాడవాళ్లు బావికి తాళం వేశారని ఆయన, కింది వాడవాళ్లు ఊటల కోసం వాలునంతా తవ్వబట్టే కొండ కదిలిందని ఈయన. ఇద్దరూ మాకు తెలియని భాషలో, వాళ్ల తాతల నాటి మాటలు ఘాలా ఎండలో అరుచుకున్నారు. చివరికి ఎలక్ట్రీషియన్ సంచి తీసుకుని వెళ్లిపోయాడు. జనరేటర్ ఆ రోజు బాగవలేదు. ఫ్యాన్లు తిరగలేదు.

సిన్నోరు చాలాసేపు దిబ్బ ముందు నిలబడి, నా వైపు తిరిగాడు. కింది వాడ మొత్తం తీసేసి మళ్లీ కట్టాలన్నాడు. ఇళ్లు పెంచాలి, ఊటలు పెట్టాలి, ఉన్ని కడిగే తొట్లు పెట్టాలి. ఎప్పుడూ అంటే అగ్లా జుమ్మా.

“అగ్లా జుమ్మా నేను ఖురియాత్ పోతా,” అన్నాను హిందీలో, గట్టిగా. ఆయన వినిపించుకోలేదు.

తర్వాతి శుక్రవారం నేను పికప్ దగ్గరికి పోలేదు. చీకటితోనే లేచి రోడ్డు మీదికి నడిచి, తిరిగి పోతున్న చేపల బండిని ఆపి ఎక్కాను. ఖాళీ పెట్టెల మధ్య కూచుంటే ఒళ్లంతా చేపల వాసన. కొండల్లో దారి గుండె జారేలా ఉంది. అయినా నాకు ఎంతో హాయిగా అనిపించింది.

అన్న తోటలో కాలువ గట్టు మీద కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

“అచ్చినవా,” అన్నాడు.

“అచ్చిన్నే అన్నా.”

“బగ్గ బిజీ ఉన్నట్టున్నవు. మస్కట్ పెద్ద పట్నమాయె.”

చిక్కిపోయాడు. కాళ్లు పగిలి ఉన్నాయి. నేను పక్కన కూచుని జరిగిందంతా చెప్పాను. సిన్నోరు సంగతీ, దిబ్బ సంగతీ. అన్న ఖర్జూరపు గింజ ఉమ్మి నా మొహంలోకి చూశాడు.

“ఇటలీ ఊరు కడుతున్నవా? శుక్రారం శుక్రారం?”

“అవునే.”

“ఏడాదికి అచ్చి గిదా నాకు జెప్పేది? ఇంతకన్న మంచి అబద్ధం దొరకలేదారా?”

“అబద్ధం గాదే! కావాల్నంటె అడుగు. వాగులు ఎటు పారుతయో చెప్త. గొర్ల బాట ఎటు పోతదో చెప్త.”

చెప్పాను కూడా. నేల మీద గీసి వెన్ను వీధీ, మెట్ల సందులూ, గుమ్మం, ఊటలూ, దొర సుంకం, రైలూ అన్నీ చెప్పాను. వివరంగా చెప్తే నమ్ముతాడనుకున్నాను. చెప్తున్నకొద్దీ అన్న మొహం ముడుచుకుపోయింది.

“మస్కట్ పక్కన మత్రా బజార్ల సిన్మాలు ఆడిస్తరంట గద,” అన్నాడు. “శుక్రారాలు సిన్మాలు జూసుకుంట గూసున్నవన్నమాట. జూసినవు గనకనే కండ్లకు గట్టినట్టు చెప్తున్నవు.”

ఆ పూట చేపల పులుసు పెట్టాడు. ఇద్దరం తిన్నాం. బండి ఎక్కేముందు ఒకటే అన్నాను. “ఈద్ పండుగకు సెలవిత్తరు గద. ఘాలాకు రా. నీ కండ్లతోని జూడు.”

“అత్త,” అన్నాడు. “జూత్త.”

క్యాంపుకు వచ్చాక సిన్నోరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాకాను పెట్టుకుని కింది వాడ కట్టించుకున్నాడు. మరో రెండు శుక్రవారాలు నేనూ పిలవకుండానే పోయి పనిచేశాను. ఇప్పుడు నాకు ఆ ఊరు కావాలి. అన్నకు చూపించాలి. బావిని చిన్నది చేద్దామా అని అడిగితే సిన్నోరు ఒప్పుకోలేదు. నేనూ పట్టుబట్టలేదు.

పండుగకు కొద్ది రోజుల ముందు మేం ఘుబ్రాలో స్లాబు వేస్తున్నాం. సాయంత్రం బస్సు దిగి చూస్తే మెస్సు వెనక దిబ్బ లేదు. కొత్త డీజిల్ ట్యాంకు పెట్టడానికి జాగా కావాలని మేనేజర్ లోడర్ పెట్టించి చదును చేయించాడట. ఎర్ర పెంకులు మట్టిలో అక్కడక్కడా కలిసిపోయి ఉన్నాయి. సిన్నోరు జీపు దిగి ఆ చదును దగ్గర కాసేపు నిలబడి, తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మా అన్న పండుగ నాడు వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఖర్జూరాల బుట్ట తెచ్చాడు.

“ఏదిరా ఊరు?”

డీజిల్ ట్యాంకు చూపించాను. ఇక్కడే ఉండేదన్నాను. కాకా ముందుకొచ్చి, “నిజమే పటేలా, నేను గూడ కట్టిన,” అన్నాడు. అన్న తల ఊపాడు. కాకాకు నేనే నేర్పి పెట్టాననుకున్నట్టు అన్న కళ్లే చెప్తున్నాయి. భాయ్‌ని పిలుద్దామంటే సెలవు మీద కడప పోయాడు.

అప్పుడే సిన్నోరు బయటికి వచ్చాడు. నాకు ధైర్యం వచ్చింది. ఆయన దగ్గరికి ఉరికి, నాకొచ్చిన హిందీలో బతిమాలాను. “సాబ్, ఇతను మా అన్న. మనం కట్టిన ఊరి సంగతి ఒక్కసారి చెప్పండి. మీ ఊరి సంగతి.”

సిన్నోరు మా అన్నను చూశాడు. డీజిల్ ట్యాంకును చూశాడు. గడ్డం రెండు రోజులుగా గీసుకోలేదు.

“గావ్?” అన్నాడు. “కోయీ గావ్ నహీ.”

ఏ ఊరూ లేదు. అంతే అని వెళ్లిపోయాడు. అంత హిందీ మా అన్నకు బాగానే వచ్చు.

అన్న ఖర్జూరాలు కాకా చేతికిచ్చాడు. అన్నం తిన్నాడు. ఇంటి సంగతులు రెండు మాట్లాడాడు. సాయంత్రం బండి ఎక్కుతూ, “ఆరోగ్యం మంచిగ జూసుకో,” అన్నాడు. ఆ మంచితనం నాకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాతి శుక్రవారం పికప్‌లో చోటుంది. పోయి ఎక్కమని సిన్నోరే చెయ్యి ఊపాడు. మెస్సు వెనక ఇక నాకు పనేమీ లేదు. అయినా నేను పోలేదు. రూములో మంచం మీద పడుకుని, బయట డీజిల్ కొట్టే చప్పుడు వింటూ, సాయంత్రం దాకా గోడ వైపుకు తిరిగి ఉన్నాను.